ఆపినా తిరిగే మీటరు

కరెంటు బిల్లు తీసే మనిషి మెట్ల కింద నిలబడి కేక వేసేసరికి టైలరమ్మ మూడో చొక్కాకి కాజాలు కుడుతోంది. సూదిని గుడ్డలోనే గుచ్చి, ఒళ్ళో పడిన దారపు ముక్కలు దులుపుకుని గబగబా కిందికి దిగింది. ఆ నెల బిల్లు కోసం ఆమె పరీక్ష రాసిన పిల్లలా ఎదురు చూస్తోంది. ఇంటిల్లిపాదీ నెల రోజులు నోరు, చెయ్యి కట్టుకున్నారు మరి.

మెట్ల కింద గోడకి అయిదు మీటర్లు వరసగా ఉన్నాయి. మొదటిది ఇంటి ఓనరుది. కింద కూల్‌డ్రింకుల కొట్టు ఆయనదే. తక్కిన నాలుగూ పై రెండు అంతస్తుల్లోని నాలుగు పోర్షన్లవి. ఆ మనిషి కాగితం చింపి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అంకెని రెండుసార్లు చదువుకుంది.

"పోయిన నెల కంటే ఎక్కువుందేంటండీ? ఒక్కసారి మళ్ళీ చూడండి."

"మీటరు ఎంత చూపిస్తే అంత వేస్తానమ్మా. అదేమన్నా నా చుట్టమా?" అంటూ అతను సంచి భుజాన వేసుకుని పక్క వీధికి వెళ్ళిపోయాడు.

కొట్టులోంచి ఓనరు తల బయట పెట్టాడు. మంచి మాటకారి. ఎవరైనా పలకరిస్తే చేతిలో పని ఆపి మరీ జవాబిస్తాడు.

"ఏమ్మా, మళ్ళీ పెరిగిందా? ఇంట్లో ఆడవాళ్ళే కాస్త చెయ్యి బిగించాలమ్మా. సంసారమంతా స్విచ్చుబోర్డు దగ్గరే ఉంది" అన్నాడు నవ్వుతూ.

ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో మూసుకుంది.

సాయంత్రం ఆమె భర్త, బస్సు డ్రైవరు, డిపో నుంచి వచ్చాడు. యూనిఫారం చొక్కా విప్పకుండానే బిల్లు అందుకుని వెనకా ముందూ తిప్పి చూశాడు. ముందు గదిలో వెలిగేది ఒక్కటే దీపం. దాని కిందే నలుగురూ కంచాలు పెట్టుకుని కూర్చున్నారు.

"నేను వేణ్ణీళ్ళు మానేశాను. మోటారు మిషను పక్కన పెట్టి నువ్వు కాళ్ళతో తొక్కుతున్నావు. ఫ్రిజ్జు ఆపేసి మూడు వారాలైంది. మరెలా పెరిగింది?" అన్నాడు.

"నేను ఇస్త్రీ కూడా మానేశాను నాన్నా" అంది కూతురు. పదో తరగతి పిల్ల, మాటకి ముందుంటుంది. "యూనిఫారం పరుపు కింద పెట్టి రాత్రంతా కదలకుండా పడుకుంటున్నాను. ఇస్త్రీ పెట్టెకి బదులు నన్ను వాడుతున్నారు."

ఎవరూ నవ్వలేదు. డ్రైవరు అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"మధ్యాహ్నం పూట ఇంట్లో ఎవరుంటారు?"

ఆ ప్రశ్నకి జవాబు అందరికీ తెలుసు. టైలరమ్మ రోజూ భోజనం కాగానే కుట్టిన బట్టల మూట తీసుకుని బజారులోని దుకాణానికి వెళ్ళి, కొత్త గుడ్డ తీసుకుని రెండు గంటల తర్వాత వస్తుంది. అప్పుడు ఇంట్లో ఉండేది అతని తల్లి ఒక్కతే.

"నన్నేనా అడుగుతున్నావు?" అంది ముసలావిడ.

"అడగడం కాదమ్మా. ఎండలు పేలిపోతున్నాయి. ఫ్యాను వేసుకుంటే తప్పేమీ లేదు. వేసుకున్నానని చెప్తే ఎక్కడ పోతోందో తెలుస్తుంది, అంతే."

"వేసుకోలేదు."

"ఒక గంటో, అరగంటో..."

"వేసుకోలేదన్నాను కదరా."

ఆవిడ కోడలి వైపు ఒక్కసారి చూసింది. ఏదో ఒక మాట సాయం వస్తుందనుకున్నట్టుంది. టైలరమ్మ మాత్రం గ్లాసులో నీళ్ళు నిండినా కూజా వంచుతూనే ఉంది, నీళ్ళు నేల మీదికి కారేదాకా. ముసలావిడ సగం తిన్న కంచంలో చెయ్యి కడుక్కుని, చాప చంకన పెట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మూట కట్టుకున్నాక టైలరమ్మ గదిలోకి తొంగి చూసింది. అత్తగారు వంటగదిలో గిన్నెలు తోముతోంది. ఆమె కాజాలు కుట్టే తెల్లదారం జానెడు తుంచి, ఫ్యాను స్విచ్చు మీదుగా లాగి, రెండు కొసలనీ బోర్డు మరల కింద దోపింది. స్విచ్చు నొక్కితే దారం ఊడి తీరాలి. "తెలిస్తే గొడవ పోతుంది కదా" అని తనకి తనే సర్ది చెప్పుకుని మెట్లు దిగింది.

తిరిగి వచ్చేసరికి మూడు దాటింది. గది పొయ్యిలా ఉంది. ముసలావిడ కిటికీ కింద నేల మీద కూర్చుని, మెడ చుట్టూ తడి తువ్వాలు చుట్టుకుని, పాత క్యాలెండరు అట్టతో విసురుకుంటోంది. మొహం కందగడ్డలా ఉంది. టైలరమ్మ ముందు స్విచ్చుబోర్డు వైపు చూసింది. దారం పెట్టినది పెట్టినట్టే ఉంది.

"ఉందా?" అంది అత్తగారు.

టైలరమ్మ చెయ్యి మూట ముడి మీదికి పోయింది.

"రోజూ ఆ బోర్డు తుడిచేది నేను. నువ్వు గడప దాటగానే చూశాను. ఎంత పనిమంతురాలివైతే మాత్రం, తెల్లదారం కనపడదనుకున్నావా?"

"అత్తయ్యా..."

"నా కొడుకు అడిగాడంటే వాడు పగలు ఇంట్లో ఉండడు, వాడికేం తెలుసు. నువ్వు నా పక్కన కూర్చుని కుడతావు. పదిహేడేళ్ళ నుంచి చూస్తున్నావు. నేను అబద్ధం ఆడగా ఎప్పుడు చూశావు?"

టైలరమ్మ మూట దించి ఆవిడ ముందు నేల మీద చతికిలబడింది. లేచి వెళ్ళి ఆ దారం పీకి, ఉండ చేసి కిటికీలోంచి పారేసింది. ఫ్యాను స్విచ్చు నొక్కింది.

"వద్దు, ఆపు" అంది ముసలావిడ. గొంతు గట్టిగానే ఉంది. "ఆపెయ్యమన్నానా! ఫ్యాను తర్వాత. నువ్వు వాడట్లేదు, నేను వాడట్లేదు. అయితే మన కరెంటు ఎవరు తింటున్నారు? అది తేలేదాకా నాకు గాలి వద్దు."

టైలరమ్మ ఫ్యాను ఆపింది. ఇన్నాళ్ళూ ఎవరు అని ఇంట్లోనే వెతికారు తప్ప, బయట అన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

ఆమె గదులన్నీ తిరిగి స్విచ్చులు ఆపింది. ఫోను ఛార్జరు పీకింది. ఎప్పుడో ఆపిన ఫ్రిజ్జు ప్లగ్గు కూడా ఊడదీసింది. ఆ ఫ్రిజ్జులో ఇప్పుడు ఉండేవి చొక్కా గుడ్డలు, కాలరు ముక్కలే.

"నేను కిందికెళ్ళి మీటరు చూస్తాను. నువ్విక్కడే ఉండు" అంది అత్తగారు.

"మీ మోకాళ్ళతోనా? నేను వెళ్తాను."

"మెయిన్ స్విచ్చు తలుపు పైన ఉంది. నాకు అందదు. నువ్వే ఉండు."

ముసలావిడ గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, దిగింది. కాసేపటికి కింద నుంచి గొంతు వినపడింది.

"అమ్మాయ్! అన్నీ ఆపినా మన మీటరు ఎర్రలైటు కొట్టుకుంటూనే ఉంది!"

టైలరమ్మ స్టూలు ఎక్కి మెయిన్ కిందికి లాగింది.

"ఆగింది!"

అదే క్షణాన మరొకటి కూడా ఆగింది. రాత్రీ పగలూ అడుగున గుర్రుమని మోగుతూ, వినీ వినీ చెవికి ఆనకుండా పోయిన చప్పుడు. కొట్టు వెనక గదిలో ఉన్న పెద్ద ఫ్రీజరు చప్పుడు. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆమె మెయిన్ మళ్ళీ పైకి వేసింది. గుర్రుమంది. లాగింది. ఆగింది. కింద ఓనరు "ఏంటీ కరెంటు, పిల్లాట!" అని విసుక్కోవడం వినపడింది.

స్టూలు మీద అలాగే నిలబడి ఆమె రెండు చేతులూ తలుపు చట్రానికి ఆనించింది. ఏడుపు రాలేదు. నవ్వూ రాలేదు. బాల్కనీలో చాప మీద, అన్నం కూడా పూర్తిగా తినకుండా పడుకున్న మనిషి కళ్ళ ముందు కదిలింది.

సాయంత్రం డ్రైవరు అంతా విన్నాడు. తల్లి దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుని ఆవిడ పాదం మీద చెయ్యి వేశాడు. ఆవిడ కాలు లాక్కోలేదు.

"నేను ఓనరుని మెల్లగా అడిగి వస్తాను" అని లేచాడు. "ఆయన పెద్దమనిషి. పొరపాటై ఉండొచ్చు. డిపోకి ఇంత దగ్గర్లో మళ్ళీ ఇల్లు దొరకదు. ఎవరూ గట్టిగా మాట్లాడకండి."

పావుగంటకి తిరిగి వచ్చాడు. చేతిలో ఒక ఐస్‌క్రీమ్ డబ్బా ఉంది.

"ఏమన్నాడు?" అంది టైలరమ్మ.

"అలాంటిదేమీ లేదన్నాడు. వైరింగు పాతదట. మన ఫ్రిజ్జు కూడా పాతదట, అదే లాగేస్తోందన్నాడు. పిల్లకి ఇమ్మని ఇది ఇచ్చాడు."

"మన ఫ్రిజ్జులో కాలరు ముక్కలున్నాయని చెప్పలేదా?"

డ్రైవరు తల దించుకున్నాడు. చెప్పలేదని తెలుస్తూనే ఉంది. డబ్బా బల్ల మీద చెమటలు కక్కుతోంది. టైలరమ్మ దాన్ని తీసుకెళ్ళి తిరిగి ఇచ్చేద్దామని చెయ్యి చాచింది. అంతలోనే కూతురు నాలుగు చెంచాలు పట్టుకుని వచ్చింది.

"ఇచ్చేయడమెందుకమ్మా? మన కరెంటుతో గడ్డకట్టింది. ఇది మనదే" అంది.

ముసలావిడ ముందు నవ్వింది. నిన్నటి నుంచి అదే మొదటి నవ్వు. నలుగురూ డబ్బా చుట్టూ చేరి అడుగు గీకేదాకా తిన్నారు. తిని మూతి తుడుచుకుంటూ టైలరమ్మ చెప్పింది.

"రేపు పొద్దున్న నుంచి మెయిన్ ఆపేస్తున్నాను."

"మరి మనం చీకట్లో..." అన్నాడు డ్రైవరు.

"నెల రోజుల నుంచి చీకట్లోనే ఉన్నాం కదండీ. ఆయన ఉండగలడేమో చూద్దాం."

"ఖాళీ చెయ్యమంటే?"

"అనమనండి. ఎందుకు చెయ్యాలో నోటితో చెప్పి మరీ అనమనండి."

పొద్దున్నే డ్రైవరు డ్యూటీకి, పిల్ల బడికి వెళ్ళగానే ఆమె మెయిన్ లాగేసి, మిషను బాల్కనీలోకి జరుపుకుంది. వెలుతురుకి కొదవ లేదు. ఆ రోజు స్కూలు చొక్కాలు పన్నెండు ఇవ్వాలి. భుజాలు కలిపి, కాలరు తిరగేసి, మొన కత్తెరతో పొడిచి బయటికి తెచ్చి, పాదాల కింద మిషను లయ తప్పకుండా తొక్కుతూ పోయింది. అత్తగారు ఎదురుగా కూర్చుని గుండీలు కుడుతోంది. చెమట కారి కళ్ళల్లో పడుతోంది. అయినా ఇద్దరికీ ఎందుకో ఆ వేడి నిన్నటి వేడిలా లేదు.

పది గంటలకి కింద ఓనరు ఎవరినో ఫోనులో తిట్టడం వినపడింది. పదకొండుకి ఫ్రీజరుకి తన కొట్టు ప్లగ్గులోంచి వైరు లాగాడు. కొట్టు లైనుకి అంత బరువు మోసే ఓపిక లేదు. టప్పున ఫ్యూజు ఎగిరింది. కొత్త ఫ్యూజు వేస్తే అదీ ఎగిరింది. మధ్యాహ్నానికి కొట్టు వెనక తలుపు కింద నుంచి పల్చటి గులాబీరంగు ఐస్‌క్రీమ్ నీళ్ళు బయటికి పారి మెట్ల దగ్గర మడుగు కట్టాయి.

ఎదురు పోర్షను నర్సమ్మ డ్యూటీ దిగి వస్తూ ఆ మడుగు దాటుకుని పైకి వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. తన తలుపు తీసి ఫ్యాను వేసి, ఎదురింట్లో ఫ్యాను తిరగకపోవడం చూసి వచ్చింది.

"మీకు కరెంటు లేదా? నాకుందే?"

"మేమే ఆపుకున్నామండీ" అని టైలరమ్మ, చేతిలో చొక్కా దించకుండానే జరిగింది జరిగినట్టు చెప్పింది. నర్సమ్మ గుమ్మంలో నిలబడి అంతా విని, "ఊఁ" అంది. "నాకూ బిల్లు అలాగే వస్తోంది. నేనేమో ఇంట్లో ఉండేదే తక్కువ." అంతే అని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి ఆవిడ పై అంతస్తుకి ఎక్కి, అక్కడ ఉండే రిటైరైన మాస్టారితో ఏదో మాట్లాడడం వినపడింది.

సాయంత్రం వీధిలో దీపాలు వెలిగే వేళ మెట్ల మీద అడుగులు వినిపించాయి. ముందు ఓనరు, వెనక పనిముట్ల సంచితో ఎలక్ట్రీషియను. ఓనరు పంట్లాము మడతలు మోకాళ్ళ దాకా ఎక్కి ఉన్నాయి. కాళ్ళకి గులాబీరంగు అంటింది. అయినా నవ్వు మొహమే పెట్టుకున్నాడు.

"అమ్మా, మీ మెయిన్ ఆగిపోయినట్టుంది. ఒకసారి పైకి వెయ్యండి."

టైలరమ్మ చివరి చొక్కా మడత పెడుతోంది. చేతులు భుజం మీదికి, భుజం నడుము మీదికి మడిచి, అరచేత్తో ఒత్తింది.

"మా మెయిన్ ఆగిందని మీకెలా తెలిసిందండీ?"

ఓనరు వెనక్కి తిరిగి చూశాడు.

"అదే... ఈ ఎలక్ట్రీషియను చూసి చెప్పాడు."

ఎలక్ట్రీషియను తన చెప్పుల కేసి చూసుకున్నాడు.

"మా మెయిన్‌తో మీ కొట్టుకి పనేంటి?" అంది ముసలావిడ, గుండీ దారం పళ్ళతో కొరుకుతూ.

"ఎప్పుడో వైరింగు చేసినవాడు పొరపాటున కలిపి ఉంటాడు పెద్దమ్మగారూ. రేపో ఎల్లుండో చూయిస్తాను. ముందు వెయ్యండి. వేలకి వేలు సరుకు కరిగిపోతోంది."

"పొరపాటైతే ఈయన ఇక్కడే ఉన్నారుగా. ఇప్పుడే తెంపించండి. తెంపాక వేస్తాను" అంది టైలరమ్మ.

ఓనరు నవ్వు ఆరిపోయింది. "చూడమ్మా, ఇల్లు నాది. ఇంత రాద్ధాంతం చేసేవాళ్ళు నాకొద్దు. నెలాఖరుకి ఖాళీ చేసెయ్యండి."

గుమ్మం అవతల నర్సమ్మ తలుపు తెరుచుకుంది. పై మెట్ల మీద మాస్టారు వచ్చి నిలబడ్డారు. టైలరమ్మకి డిపో, పిల్ల బడి, దుకాణం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. చొక్కాల దొంతర బల్ల మీద పెట్టి, లేచి గుమ్మంలోకి వచ్చింది.

"చేస్తామండీ. మెయిన్ వేసి మరీ వెళ్తాం. తాళం వేసిన ఖాళీ ఇంటికి నెలకింత బిల్లు ఎలా వస్తోందో కరెంటాఫీసు వాళ్ళే వచ్చి చూస్తారు. నేను వెళ్ళి పిలుచుకొస్తాను."

సరిగ్గా అప్పుడే డ్రైవరు డ్యూటీ దిగి మెట్లెక్కి వచ్చాడు. ఓనరు ఊపిరి పీల్చుకుని అతని వైపు తిరిగాడు.

"మీరు రండి డ్రైవరుగారూ. తెలిసినవారు. మీ ఆవిడకి కాస్త చెప్పండి."

డ్రైవరు భార్యని చూశాడు. మెడ చుట్టూ తడి తువ్వాలుతో కూర్చున్న తల్లిని చూశాడు. సంచీలోంచి టార్చిలైటు తీసి వెలిగించాడు.

"పదండి. ఆ వైరు ఎక్కడ కలిపారో నేను లైటు పడతాను. ఇతను తెంపుతాడు" అన్నాడు.

ఓనరు మెట్ల కిందికి తొంగి చూశాడు. కింద నీళ్ళు టపటపా కారుతున్నాయి. చివరికి ఎలక్ట్రీషియనుకి గడ్డంతో సైగ చేశాడు. ఎలక్ట్రీషియను వెతుక్కోలేదు. నేరుగా టైలరమ్మ వంటగది మూలకి వెళ్ళి, అటక కింద పెచ్చు ఊడదీసి, నల్లటి వైరు ఒకటి బయటికి లాగి కటింగు ప్లేయరుతో పుటుక్కున తెంపాడు. ఎవరు కలిపారో ఎవరూ అడగనక్కర్లేకపోయింది.

టైలరమ్మ స్టూలు ఎక్కి మెయిన్ వేసింది. కింద ఫ్రీజరు మూలగలేదు. నాలుగు మడతల బిల్లు కాగితం తీసి ఓనరు చొక్కా జేబులో పెట్టింది.

"ఈ నెలది మీరు కట్టండి. మేం వాడింది ఎంతో వచ్చే నెల బిల్లే చెప్తుంది. ఆ తేడా అద్దెలో చూసుకుందాం."

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు గానీ కాగితం తీసి ఇవ్వలేదు. మెట్ల వైపు నడిచాడు. రెండు మెట్లు దిగాడో లేదో, నర్సమ్మ తన ఇంట్లోకి వెళ్ళింది. లోపల మెయిన్ టక్కుమని పడింది. వీధిలోకి ఎర్రగా, పచ్చగా వెలుగుతున్న కొట్టు బోర్డు ఆరిపోయింది.

ఓనరు మెట్టు మీద ఆగిపోయాడు. అందరూ బాల్కనీలోంచి కిందికి చూశారు. నర్సమ్మ గుమ్మంలోకి వచ్చి, ఏమీ ఎరగనట్టు చేతులు కట్టుకుని నిలబడింది. పైన మాస్టారి చెప్పులు గది లోపలికి టపటపా నడిచిన చప్పుడైంది. టక్. మేడ మీదికి నీళ్ళు తోడే మోటారు ఆగింది.

ముసలావిడ తల పైకెత్తి, చెవి రిక్కించి కాసేపు విన్నది.

"ఇంకో పోర్షను ఉండాలి కదూ?" అంది.